గుండె దించడం నేర్పినందుకు

మునక 1140

చోటు: పాత ఊరు, బట్టల బజారు. లోతు: ఏడు నిలువులు. నీళ్ళు తేటగా ఉన్నాయి. తెచ్చింది: రాగి తీగ రెండు చుట్టలు, ఇత్తడి కుళాయిలు ఒక సంచి. దిగింది: నేను, అంటే కాశులమ్మ. చూడ్డానికి వచ్చినవారు: నా కూతురు రత్నం, మా అన్న కొడుకు దానియేలు.

ఈ ‘చూడ్డానికి వచ్చినవారు’ అన్న గడి ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఆ బుర్రకి దండం పెట్టాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు నీళ్ళలో దిగకూడదని లైసెన్సు మీద అచ్చు వేశారు. అందుకని, మునిగిపోయిన పాత ఊరి పక్కన గుంజల మీద ఇళ్ళు కట్టుకున్న మా గుంజల వాడలో అందరం పిల్లల్ని ఆ గడిలో రాస్తాం. చూడ్డానికి వచ్చినవాళ్ళ జుట్టు ఎందుకు తడిసి ఉంటుందని మెరక మీద కూర్చుని ఈ చిట్టా చదివే మీకు ఎప్పుడూ అనుమానం రాలేదనుకోను. వచ్చినా మింగేసి ఉంటారు. రాగి మీకు కావాలి కదా.

ఇకమీద నిజమే రాస్తాను. ఇవాళ దిగింది ముగ్గురం. పద్నాలుగేళ్ళ రత్నం, పదహారేళ్ళ దానియేలు ఇద్దరూ నాకంటే ఎక్కువే తెచ్చారు. చిట్టా ఎలాగూ సంవత్సరాఖరుకి గాని మీ చేతికి రాదు. అప్పటిదాకా మనసులో పెట్టుకుంటే నాకే రోగం వస్తుంది.

పొద్దున పున్నమి పోటుకి మీ నాడి పడవ మా రేవుకి వచ్చి, మూడు పున్నములూ ఉండేలా లంగరు వేసింది. తెల్లటి పడవ. లోపల డాక్టరు విరజ, ఇద్దరు గార్డులు. పన్నెండు దాటిన పిల్లలందర్నీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి మణికట్టుకి పట్టీలు వేశారు. కదలకుండా ఉండమన్నారు. పట్టీ గుండె ఎంత కొట్టుకుంటోందో లెక్కపెట్టి రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ వస్తే మంచి పిల్ల. పసుపు వస్తే ఓ కంట కనిపెట్టాలి. ఎరుపు వస్తే రేపో మాపో నేరం చేసే పిల్ల.

రత్నానికి ఎరుపు. దానియేలుకి ఎరుపు. మా వాడలో నీళ్ళలో దిగే పిల్లలందరికీ ఎరుపే. నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు వచ్చే కొట్టువాళ్ళ అబ్బాయికి మాత్రం పచ్చ వచ్చింది. వాడికి బిస్కట్ ప్యాకెట్టు ఇచ్చారు.

నేను బల్ల ముందుకి వెళ్ళి నిలబడ్డాను. “గుండె ఇంత నెమ్మదిగా కొట్టుకునే పిల్లలకి భయం తక్కువగా ఉంటుందమ్మా,” అంది డాక్టరు. “భయం లేకపోతే తప్పు చేయడానికి వెనకాడరు.”

“నా కూతురు ఏం తప్పు చేసిందండి?”

“ఇంకా ఏమీ చేయలేదు.”

“మరి?”

“అందుకేనమ్మా, దీన్ని ముందుచూపు అంటాం. శిక్ష అనం.”

మాట మర్యాదగానే ఉంది. మర్యాదగా మాట్లాడేవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టమే గాని నేను తెచ్చుకున్నాను. వరసగా మూడు పున్నములు ఎరుపు వస్తే మెరక బడికి పట్టుకుపోతారట. కొండ మీద, సముద్రం కనపడని చోట, పద్దెనిమిది నిండేదాకా ఉంచుతారట. రత్నానికి ఒకటి అయిపోయింది.

మునక 1143

చోటు: సినిమా హాలు, బాల్కనీ మెట్లు. లోతు: తొమ్మిది నిలువులు. మడ్డి నీళ్ళు. దిగింది: నేను, రత్నం. దానియేలు రాలేదు, వాళ్ళ నాన్న పంపలేదు. ఆ సంగతి తర్వాత.

సిలిండరు వీపున కట్టుకుంటే పాత ఊరి కిటికీల్లో పట్టం. అందుకని ఊపిరి బిగబట్టే దిగుతాం. దిగేముందు పిల్లని మెడ దాకా నీళ్ళలో నిలబెట్టి, దవడ కింద నా రెండు వేళ్ళు ఆనించి, గుండె నెమ్మదించేదాకా ఆపుతాను. దీన్ని మేం గుండె దించడం అంటాం. గుండె దిగని పిల్లని నేను తాడు కట్టి వదలను. కింద చీకట్లో తలుపు మూసుకుపోయినా, తీగ కాలికి చుట్టుకున్నా, కంగారు పడిన పిల్లకి ఉన్న ఊపిరి ఇట్టే అయిపోతుంది. అందుకే భయం వేసినప్పుడు గుండెను ఇంకా కిందికి దించమని చిన్నప్పటినుంచీ నేర్పుతాం. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఒంటికి అలవాటైపోతుంది. వాళ్ళు అనుకోనక్కర్లేదు, అదే దిగుతుంది.

ఇక తాడు. ఒకసారి గుంజితే బాగానే ఉన్నానని. రెండుసార్లు గుంజితే పైకి లాగమని. రెండు గుంజులు వచ్చాయంటే పైనున్నవాళ్ళు ఎందుకని అడగరు, సంచి నిండిందా అని చూడరు, లాగుతారు. మా వాడలో మాటలు లేని ఇళ్ళు చాలా ఉన్నాయి గాని ఒకరి తాడు ఇంకొకరు లాగని ఇల్లు లేదు.

ఈ సంగతంతా చెబితే డాక్టరు తన పొరపాటు తెలుసుకుంటుందనుకుని పడవ ఎక్కాను. ఆవిడకి ముందే తెలుసు.

“తెలుసమ్మా. పరుగుపందేల పిల్లలకీ గుండె ఇలాగే ఉంటుంది. మెరక మీద ఆటల పిల్లలకి మినహాయింపు కూడా ఉంది.”

“అయితే మావాళ్ళకీ రాసేయండి మరి.”

“ఏమని రాయను? ఈత పోటీల్లో ఉన్నారా?”

“పోటీలు లేవండి. నీళ్ళలో దిగుతారు. మా పనే అది.”

“పిల్లల చేత పని చేయిస్తున్నారని రాస్తే మీరు జైలుకి వెళ్తారు. అమ్మాయి అప్పుడూ మెరక బడికే వెళ్తుంది. రాయమంటే రాస్తాను.”

నిజంగానే పెన్ను తీసి నా మొహంలోకి చూసింది. పడవ ఊగుడు పడక ఆవిడ మొహం పాలిపోయి ఉంది. వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తోంది. జాలి పడదామనుకున్నాను గాని నా దగ్గర మిగల్లేదు. వద్దని చెప్పి దిగి వచ్చేశాను.

మునక 1149

ఇవాళ దిగలేదు. రెండో పున్నమి. అయినా రాస్తాను, అంకె వేసి పెట్టుకున్నాను కాబట్టి.

మా వాడ ఆడవాళ్ళకి ఒక ఉపాయం తట్టింది. పట్టీ వేసే ముందు పిల్లలకి చిక్కటి కాఫీ రెండేసి గ్లాసులు పట్టించి, నీళ్ళలో నుంచి ఇంకా తల బయట పెట్టుకుని ఉన్న పాత వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కించి దించాలని. పొద్దున చూడాలి ఆ సంబరం. ఒకావిడ అట్లకాడ పట్టుకుని కొడుకుని మెట్ల మీద తరుముతోంది. ఇంకొకావిడ కింద నిలబడి ఇంకోసారి ఎక్కరా అని కేకలు. రత్నం ఎక్కనంది. నేనూ బలవంతం చేయలేదు.

డాక్టరు పిల్లలందరికీ కుర్చీలు వేయించి, ఫ్యాన్లు తిప్పించి, గుండెలు కుదురుకునేదాకా కూర్చోబెట్టింది. నీళ్ళలో పెరిగిన గుండెలు, కుదురుకోవడానికి ఎంతసేపు కావాలి. కాఫీ పడక ఒకడు గార్డు బూట్ల మీద కక్కాడు. ఈ పున్నమిలో నాకు నచ్చింది అదొక్కటే.

రత్నానికి మళ్ళీ ఎరుపు. రెండు అయ్యాయి.

దానియేలుకి పసుపు వచ్చింది. మా అన్న సత్తెయ్య మొదటి పున్నమి నాటి నుంచీ వాణ్ణి నీళ్ళకి దూరంగా ఇంట్లో కూర్చోబెట్టాడు. పట్టీ పసుపు రంగు చూపించగానే మా అన్న కళ్ళు తుడుచుకున్నాడు. మా వదిన పోయినప్పటినుంచీ వాడొక్కడే ఆయనకి. దానియేలన్న పేరు కూడా చర్చికి వెళ్ళే రోజుల్లో మా వదిన ఏరి పెట్టుకున్నదే. సాయంత్రం మా అన్న మా గుమ్మంలోకి వచ్చాడు.

“రత్నాన్నీ మానిపించెయ్యవే కాశులూ. ఇంట్లో కూకోబెడితే గుండె దానంతటదే పైకొత్తదంట. డాక్టరమ్మే చెప్పింది.”

“కూకోబెట్టి ఏం చేయించమంటావన్నయ్యా?”

“ఏం చేయించక్కర్లేదు. కూకోమను.”

“నీకొచ్చా కూకోవడం?”

రత్నం గుమ్మంలో వల సూది పట్టుకుని వింటోంది. “నేను మానను మావయ్యా. నీళ్ళలో దిగని రోజు నాకు నిద్దరట్టదు. కాళ్ళు పీకుతాయి. ఊరికే కోపం వత్తది,” అంది.

“మీ బావ మానలేదా?”

“బావని చూసే చెప్తన్నాను.”

మునక 1155

చోటు: పాత ఊరు, బస్టాండు. లోతు: ఆరు నిలువులు. నీళ్ళు బాగాలేవు. దిగింది: నేను, రత్నం. తెచ్చింది ఏమీ లేదు. బుద్ధి పని మీద లేకపోతే అంతే.

దానియేలు మారిపోయాడు. పగలు పడుకుంటాడు, చీకటి పడ్డాక లేస్తాడు. తలనొప్పి అంటాడు. చేపల కూర కింద పెట్టి మెరక బిస్కట్లు తింటాడు. ఒళ్ళు వచ్చింది, బలం పోయింది. మొదటి పున్నమి దాకా నాతో బాటు తొమ్మిది నిలువుల్లో మెట్లు పట్టుకుని నడిచిన పిల్లవాడు, ఇప్పుడు రేవు నుంచి ఇంటికి రావడానికి ఆయాసపడుతున్నాడు. ముందు కొట్టువాళ్ళ అద్దం పగలగొట్టాడు. తర్వాత చిన్నపిల్లవాణ్ణి ఒకణ్ణి ఏడిపిస్తూ చెయ్యి మెలిపెట్టాడు. మొన్న మూడు ఇళ్ళవాళ్ళ వలలు కత్తితో నిలువునా కోసేశాడు. ఎందుకురా అంటే, “ఏమో అత్తా, చేతులు ఊరుకోలేదు,” అన్నాడు. అబద్ధం చెప్పలేదు. వాడి చేతులకి పని లేదు.

వలలు కోసిన రోజున గార్డులు వచ్చి ఎర్ర పట్టీ పిల్లలందర్నీ రేవులో నిలబెట్టి ప్రశ్నలు వేశారు. రత్నాన్ని ఎండలో ఎక్కువసేపు నిలబెట్టారు. దానియేలు పక్కనే మెట్ల మీద కూర్చుని బిస్కట్ తింటున్నాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

నేను ఊరుకోలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సొంత మేనల్లుడి మీద చాడీ చెప్పడానికి కాదు. వాడి ఒళ్ళు పాడైపోతోంది, వాణ్ణి మళ్ళీ నీళ్ళలో దింపమని మా అన్నకి మీరొక మాట చెప్పండి, మీ మాటయితే వింటాడు అని అడిగాను.

ఆవిడ తెర తిప్పి చూపించింది. వాడి గుండె గీత మెట్లు ఎక్కుతున్నట్టు పైకి పోతోంది. “చక్కగా బాగుపడుతున్నాడమ్మా.”

“ముప్పై అడుగులు నడవలేకపోతన్నాడండి. నిద్ర లేదు. ఇదేం బాగుపడ్డం?”

“నిద్ర సంగతి రాసుకోవడానికి గడి లేదు. గుండె గడి ఉంది, అది బాగుంది.” తర్వాత గొంతు తగ్గించి అంది: “అన్నీ నేను పెట్టినవి కావమ్మా.”

ఆ గొంతు తగ్గించడం చూస్తే నాకు ఇంకా మండింది. తెలియనివాళ్ళు చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం.

మునక 1160

మూడో పున్నమి. రేవు నుంచి తూర్పు గుంజల ఇళ్ళ పిల్లలకి ఇవాళ, మా పడమటి ఇళ్ళ పిల్లలకి రేపు అన్నారు.

దానియేలుది తూర్పు. పచ్చ వచ్చింది. డాక్టరు లేచి నిలబడి వాడి తలకి మెరక బడి బొమ్మ ఉన్న ఆకుపచ్చ టోపీ పెట్టింది. మారిన పిల్లవాడు అని వాడలో అందరి ముందూ చెప్పించారు. ఫోటో తీశారు. వలలు పోయిన ముగ్గురూ ఆ గుంపులోనే ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గార్డులు కొట్టారు. మా అన్న ఒక్కడే గర్వంగా నిలబడ్డాడు. దానియేలు మొహం మాత్రం, కింద గాలి అయిపోయాక పైకొచ్చినవాడి మొహంలా ఉంది. గుంపులో రత్నాన్ని వెతుక్కుని చూశాడు. రేపు రత్నానిది మూడోసారి.

సాయంత్రానికి నాడి పడవలో యంత్రాలు ఆగిపోయాయి. బ్యాటరీ ఉండే అర ఖాళీగా ఉంది, తీగలు పీకేసి ఉన్నాయి. మర్నాటి లెక్క వాయిదా వేశారు.

నాకు అప్పుడే తెలిసింది ఎవరి పనో. వలలు కోసిన చేతులే గాని, ఈసారి ఎందుకు చేశాడో వాడికి తెలుసు.

మునక 1161

చోటు: రేవు పక్కన. లోతు: నాలుగు నిలువులు. తెచ్చింది: మీ బ్యాటరీ.

పొద్దున గార్డులు వచ్చి బ్యాటరీ నీళ్ళలో పారేసి ఉంటారు, వెతికి తీయమన్నారు. లైసెన్సు నాది, కాదనలేను. రత్నం నేను దిగుతానమ్మా అంది. రేవు దగ్గర కెరటం వస్తువుల్ని ఎటు ఈడుస్తుందో మా పిల్లలందరికీ తెలుసు. మొదటి మునకలోనే రేవు గుంజల మధ్య ఇరుక్కున్న పెట్టెని పట్టుకుంది. మూత బిగించిన బ్యాటరీ, లోపలికి చుక్క నీరు పోలేదు. తుడిచి బిగిస్తే వెలిగింది. నా కూతురు తెచ్చిన బ్యాటరీతోనే మీ యంత్రం మళ్ళీ నడిచింది, ఇది గుర్తు పెట్టుకోండి.

గార్డు పెట్టె అందుకుని, థాంక్స్ అనకుండా, “ఎక్కడుందో నీకెలా తెలుసు?” అన్నాడు.

రత్నం నవ్వింది. నవ్వు రాకేం చేస్తుంది, పిచ్చి ప్రశ్న అడిగితే. ఆ నవ్వు కూడా రాసుకున్నారు. లెక్క ఆగిపోతే లాభం ఎవరికి, రెండు ఎరుపులు ఉన్న పిల్లకి. బ్యాటరీ ఎక్కడుందో తెలిసింది ఎవరికి, ఆ పిల్లకే. రేపు విచారణ అని చెప్పి వెళ్ళారు. విచారణలో వేసే పట్టీనే మూడో లెక్కగా తీసుకుంటారట.

మునక 1162

దిగలేదు.

విచారణ నాడి పడవ గదిలో. రత్నాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పట్టీ వేశారు. నన్ను పక్కన కూర్చోనిచ్చారు. తెర మా వైపే ఉంది, అంకె కనపడుతోంది. యాభై రెండు.

“బ్యాటరీ నువ్వు పీకావా?”

“లేదండి.”

నలభై తొమ్మిది.

“ఎవరు పీకారో తెలుసా?”

నాకు తెలిసినట్టే రత్నానికీ తెలుసు, చెప్పదు. నలభై ఆరు. పెదాలు తెల్లబడ్డాయి. కాలి వేళ్ళు కింద చెక్కని గట్టిగా పట్టుకున్నాయి. అది నా కూతురు, దాని భయం నాకు తెలుసు. తొమ్మిది నిలువుల్లో తలుపు మూసుకుపోయిన రోజున కూడా కాలి వేళ్ళు అలాగే ముడుచుకుని పైకొచ్చింది.

“నిన్ను ఇవాళ తల్లి దగ్గర నుంచి తీసుకువెళ్ళొచ్చు. అర్థమైందా?” అంది డాక్టరు.

నలభై ఒకటి.

నేను వంగి చెవిలో అన్నాను. “గుండె వదిలెయ్యవే. కొట్టుకోనీ దాన్ని.”

“వదులుతున్నానమ్మా. రాట్లేదు,” అంది.

ముప్పై ఎనిమిది. మీకు ఆ అంకె ఏం చెప్పిందో నాకు తెలుసు. భయం లేని పిల్ల, తల్లిని వదిలి పోవాలన్నా చలించని పిల్ల అని చెప్పింది. అది నా వేళ్ళ కింద నేర్చుకున్న విద్య. ఎంత భయం వేస్తే అంత కిందికి దించమని నేనే చెప్పాను. ప్రాణం నిలబడాలని నేర్పినదాన్ని మీరు దాని మెడకి కట్టారు. ఏడుపు వచ్చింది. మీ ముందు ఏడవకూడదని మింగేశాను.

అప్పుడు తలుపు తోసుకుని దానియేలు వచ్చాడు. తల మీద ఆ టోపీ ఉంది. “నేనే పీకానండి. రత్నానికి లెక్క అవకూడదని పీకాను. వలలు కోసిందీ నేనే. అద్దం పగలగొట్టిందీ నేనే,” అన్నాడు.

గార్డు వాడి చేతికి పట్టీ వేశాడు. నూట పద్దెనిమిది. తెర అంచు ఆకుపచ్చగా వెలిగింది.

డాక్టరు వాడి భుజం మీద చెయ్యి వేసింది. “భయం ఉన్న పిల్లవాడివి. మరదల్ని కాపాడుకోవాలని నీ మీద వేసుకుంటున్నావు. అదీ మంచి గుణమే. కానీ అబద్ధం చెప్పకూడదు, ఇంటికి వెళ్ళు.”

“అబద్ధం కాదండి. తీగలు పీకినప్పుడు ఇదిగో, చెయ్యి కాలింది.” చెయ్యి చూపించాడు. కాలిన మచ్చ ఎర్రగా ఉంది.

ఆవిడ ఆ చేతిని చూసింది. తర్వాత నన్ను చూసింది. తెలిసింది ఆవిడకి. ఆ మచ్చ చూశాక తెలియకపోవడానికి గుడ్డిది కాదు. అయినా కాగితం వైపు తిరిగి సంతకం పెట్టింది. రేపు పొద్దుటి పోటుకి పడవ మెరకకి బయలుదేరుతుందని, అమ్మాయి బట్టలు సర్దమని చెప్పింది. ఈ రాత్రికి పడవలోనే ఉంచుతారట.

నేను లేవబోయాను. రత్నం నా వైపు చూడలేదు. కింద నుంచి నా పమిట చెంగు పట్టుకుని గుంజింది. ఆగి, మళ్ళీ గుంజింది.

మునక 1163

చోటు: రాయను. లోతు: రాయను. నీళ్ళు: మీకెందుకు.

పొద్దున పోటు నిండుగా వచ్చింది. మీ పడవ మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయిలు గొట్టం కోసి ఉంది. గార్డులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ వెనక్కి పరిగెత్తారు. రత్నం ముందు వైపు సంచి పట్టుకుని నిలబడి ఉంది. సంచి కింద పెట్టింది, నీళ్ళలోకి దూకింది. కెరటం మీద చిన్న వలయం కూడా లేవలేదు, అంత నెమ్మదిగా దూకింది.

గార్డులిద్దరూ వచ్చి కమ్మీ పట్టుకుని నీళ్ళ వంక చూశారు. డాక్టరు కూడా వచ్చింది, చేతిలో నిమ్మకాయ అలాగే ఉంది. మామూలు మనిషి ఎంతసేపు ఉండగలదో అంతసేపు చూశారు. ఆ పైన ఇంకొంచెం చూశారు. తర్వాత ఒక గార్డు టోపీ తీశాడు. డాక్టరు కింద కూర్చుండిపోయింది.

నేను వాటర్ ట్యాంకు వెనక పడవలో ఉన్నాను. తెడ్డు మా అన్న చేతిలో ఉంది. పడవా ఆయనదే. పచ్చ పట్టీ వచ్చిన కొడుకు నిన్న విచారణ నుంచి వచ్చి ఏం చెప్పాడో, చీకటి పడగానే ఆయనే పడవ తెచ్చి మా గుంజకి కట్టాడు. తాడు నీళ్ళలోకి వదిలి దాని రెండో కొస దానియేలూ నేనూ పట్టుకుని కూర్చున్నాం. రేవు నుంచి ట్యాంకు దాకా గుంజల మధ్య నుంచి చీకట్లో రావాలి. నేనైతే రాలేను. మా వాడలో ఎవరూ రాలేరు. ముప్పై ఎనిమిదికి దిగిన గుండె ఒక్కటే రాగలదు.

తాడు కదల్లేదు. దానియేలు ఏడవడం మొదలుపెట్టాడు. నేను వాణ్ణి తిట్టాను. తిడుతూ ఉండగా చేతుల్లో తాడు బిగిసింది. రెండు గుంజులు వచ్చాయి. మేం ఎందుకని అడగలేదు, లాగాం.

అమ్మాయి మునిగిపోయిందని మీ కాగితంలో రాసుకునే ఉంటారు. కొట్టెయ్యండి. మీరు చచ్చిందని రాస్తే నేను ఊరుకోను, అందుకే ఈ చిట్టా పంపుతున్నాను. ఇది మీకు చేరేసరికి మేం మీ పడవ వచ్చే రేవుల్లో ఉండం. మా వాడవాళ్ళని అడక్కండి, వాళ్ళకి చెప్పకుండానే వచ్చాం.

ఇంకొక్క సంగతి. ఆయిలు గొట్టం ఎవరు కోశారని ఎర్ర పట్టీ పిల్లల్ని ఎండలో నిలబెట్టకండి. ఆ పొద్దున మీ పడవ ఎక్కి, మీ గార్డు చేతి టీ తాగి, ట్యాంకు దగ్గర తాడు ఉంటుందని రత్నం చెవిలో వేసి, కాసేపు మోటారు పక్కన కూర్చుని దిగి వచ్చింది మీ టోపీ పెట్టుకున్న దానియేలు ఒక్కడే. వాడికి పచ్చ వచ్చింది కదా, మీరు అనుమానించరు.

వాడు ఇవాళ మళ్ళీ మెడ దాకా నీళ్ళలో నిలబడ్డాడు. గుండె ఇంకా చాలా పైన ఉంది. మెల్లగా దించుకుందాం అని చెప్పాను.

దిగింది: రత్నం. పైకి వచ్చింది: రత్నం. చూడ్డానికి వచ్చినవారు: మీరు.